బోరు పెరిగితే బిల్లూ పెరుగుతుంది!

ఆదివారం వచ్చిందంటే మెకానిక్ షెడ్ల ముందు బండ్ల జాతరే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఏ ఊరైనా అదే సందడి. ఆయిల్ మార్చాలని ఒకరు, చైన్ బిగించాలని మరొకరు, బ్రేకులు పడటం లేదని ఇంకొకరు. ఆ గుంపులోంచి నూనూగు మీసాల కుర్రాడొకడు మెకానిక్ పక్కకు చేరి మెల్లగా ఓ మాట వేస్తాడు.

"అన్నా, బండి గుంజుతలేదే. జర సీసీ పెంచరాదే?"

"పెంచుదాం గని తమ్మీ... ఇంట్ల చెప్పినవా?"

ఇంట్లో చెప్పాల్సిన విషయమే మరి. ఎందుకంటే సీసీ పెంచడానికి అయ్యే ఖర్చు మెకానిక్ చీటీ మీద రాసిచ్చే అంకెతో ఆగదు. పెట్రోలు బంకులో కొంత, విడిభాగాల దుకాణంలో కొంత, ఖర్మకాలితే ఆస్పత్రిలోనో, కోర్టులోనో ఇంకొంత! ఆ లెక్కంతా ముందే తెలిస్తే నిర్ణయం తీసుకోవడం తేలిక.

ఎనిమిది మిల్లీమీటర్ల మాయ

అసలు సీసీ అంటే ఏమిటి? క్యూబిక్ సెంటీమీటర్. ఇంజిన్‌లో సిలిండర్ అనే గొట్టం ఉంటుంది. అందులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటుంది. ఆ గొట్టం వెడల్పు బోరు. పిస్టన్ కదిలే దూరం స్ట్రోకు. కింది నుంచి పైదాకా పిస్టన్ ఊడ్చే జాగా ఎంతో, ఇంజిన్ సీసీ అంత.

చిన్నప్పుడు బడిలో చేసిన స్తూపం ఘనపరిమాణం లెక్కే ఇది. హీరో హోండా స్ప్లెండర్‌నే తీసుకోండి. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5 మిల్లీమీటర్లు. లెక్క కడితే 97.2 సీసీ వస్తుంది. యమహా ఆర్‌ఎక్స్ 100లో రెండూ 50 మిల్లీమీటర్లే. అంటే 98 సీసీ. తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్ 135లో స్ట్రోకు అదే 50 మిల్లీమీటర్లు. బోరు మాత్రం 58. సీసీ ఒక్కసారిగా 132కు చేరింది.

చూశారా! గొట్టం వెడల్పు పెరిగింది ఎనిమిది మిల్లీమీటర్లే. శాతంలో చెప్పుకుంటే 16. సీసీ మాత్రం దాదాపు 35 శాతం పెరిగింది. బోరును లెక్కలో రెండుసార్లు గుణించాలి కాబట్టి వచ్చే తేడా ఇది. బుల్లెట్‌దీ అదే కథ. 90 మిల్లీమీటర్ల స్ట్రోకు మీద 70 మిల్లీమీటర్ల బోరు ఉంటే 346 సీసీ. అదే 84 అయితే 499. 2013లో వచ్చిన కాంటినెంటల్ జీటీలో 87 చేశారు. 535 సీసీ అయింది.

కుర్రాళ్లను ఊరించేది ఈ లెక్కే. "బ్లాకు, పిస్టన్ మారిస్తే చాలు... వంద సీసీ బండి నూటముప్పై అయిపోతుంది" అన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో!

రీబోరు వేరు... ఇది వేరు

ఇక్కడే చాలామంది పొరబడతారు. బండి పాతబడి తెల్లటి పొగ వస్తే మెకానిక్ "బోరుకొచ్చింది" అంటాడు. సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందన్నమాట. దాన్ని పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో చెక్కి నున్నగా చేసి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు. ఇది రీబోరు. కంపెనీలే ఇందుకోసం 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు తయారుచేస్తాయి.

దీనివల్ల సీసీ పెరగదా అంటే... పెరుగుతుంది. కానీ ఎంత? స్ప్లెండర్‌కు పావు మిల్లీమీటరు రీబోరు చేస్తే 97.2 కాస్తా 98.2 అవుతుంది. చివరి సైజు అయిన ఒక మిల్లీమీటరు దాకా వెళ్లినా 101 దగ్గర ఆగుతుంది. ఇది జబ్బు చేసిన ఇంజిన్‌కు వైద్యమే తప్ప బలం మందు కాదు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు కూడా.

సీసీ పెంచడమంటే అలా కాదు. బ్లాకు మొత్తం మార్చాలి. లేదా పాత బ్లాకులో లైనర్ తీసేసి పెద్దది దిగ్గొట్టాలి. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతంలో ఇప్పటికీ ఏపీ 15 నంబరు ప్లేటుతో కనిపించే పాత ఆర్‌ఎక్స్ 100లు కొన్ని ఉంటాయి. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. దానికి 135 బ్లాకు వేయించాలన్న మోజు ఈనాటిది కాదు. పల్సర్ 150 తొలి మోడళ్లలో, 180లో స్ట్రోకు ఒకటే... 56.4 మిల్లీమీటర్లు. బోరు మాత్రం 57, 63.5. కాబట్టి దానికి దీని బ్లాకు అన్న ఆలోచన అక్కడా వస్తుంది. ఇక గల్ఫ్‌లో ఉన్న అన్నో, నాన్నో పంపిన డబ్బుతో బుల్లెట్ కొన్నవారికి 350ని 500 చేయాలన్న సరదా!

ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి

ఇంజిన్ ఉమ్మడి కుటుంబం లాంటిది. ఒక్కరి తిండి పెరిగితే వంట నుంచి సరుకుల దాకా అందరి లెక్కా మారుతుంది.

మొదటి సమస్య కంప్రెషన్. బుల్లెట్ 350లో కంప్రెషన్ నిష్పత్తి 8.5. అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని నెత్తిన 46 సీసీల జాగా మిగులుతుంది. హెడ్‌లో ఆ గదిని అలాగే ఉంచి, 499 సీసీల గాలి, పెట్రోలు మిశ్రమాన్ని అందులోకి నొక్కితే ఏమవుతుంది? నిష్పత్తి దాదాపు 12 అవుతుంది. మామూలు పెట్రోలుతో నడిచే ఎయిర్ కూల్డ్ ఇంజిన్ ఆ ఒత్తిడిని తట్టుకోవడం కష్టం. మిశ్రమం నిప్పురవ్వ కోసం ఆగకుండా తనంతట తనే మండిపోతుంది. లోపల టకటకమని కొడుతుంది. అదే నాకింగ్. అలాగే నడిపితే పిస్టన్‌కు చిల్లు పడొచ్చు. అందుకే నెత్తిన గుంట ఉన్న పిస్టన్ వాడాలి. లేదంటే హెడ్‌ను సవరించాలి. మరో ఖర్చు!

రెండోది ఊపిరి. పెద్ద సిలిండర్‌కు గాలి, పెట్రోలు ఎక్కువ కావాలి. పాత కార్బురేటర్ అంత పంపలేదు. కనీసం జెట్లు మార్చాలి, లేదా కార్బురేటరే మార్చాలి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడు పిస్టన్ జామ్ అయితే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

మూడోది క్లచ్. పెరిగిన శక్తి అంతా దాని మీదుగానే చక్రానికి చేరాలి. ఒకప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇంజిన్ టార్క్ 28 న్యూటన్ మీటర్లయితే, 500ది 41.3. అంటే దాదాపు 47 శాతం ఎక్కువ. పాత క్లచ్ ప్లేట్లు, స్ప్రింగులు, గేర్ల పళ్లు, చైను... అన్నీ పాత బరువుకు లెక్కగట్టి చేసినవే. కొత్త బరువు మోయమంటే త్వరగా అరిగిపోతాయి.

నాలుగోది క్రాంకు. పెద్ద పిస్టన్ అంటే బరువైన పిస్టన్. దాని బరువుకు తగినట్టు క్రాంకును మళ్లీ బ్యాలెన్స్ చేయాలి. చేయకపోతే వణుకు మొదలవుతుంది. అద్దంలో వెనకబండి కనిపించదు, హ్యాండిల్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి, బేరింగులు అరిగిపోతాయి.

ఇక వేడి సంగతి. ఎక్కువ పెట్రోలు మండితే ఎక్కువ వేడి పుడుతుంది. దాన్ని బయటికి పంపాల్సిన రెక్కలు మాత్రం పాత లెక్కవే. ఏప్రిల్, మే నెలల్లో కరీంనగర్ వైపు ఎండలు ఎలా ఉంటాయో తెలిసిందేగా!

కంపెనీ ఈ పని చేసినప్పుడు ఒక్క బోరుతో ఆగలేదు. 2009లో క్లాసిక్ బండ్లు తెచ్చినప్పుడు 350కి కార్బురేటర్ ఇచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్, 500కు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టింది. పెద్ద ఫ్యాక్టరీ, ఇంజినీర్లు, పరీక్షల ట్రాకులు ఉన్న సంస్థే అంత చేయాల్సి వచ్చింది. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చే వేళకు ఆ 500 సీసీ బండ్ల తయారీనే ఆపేసింది.

వెంట్రుకవాసి తేడా

మన ఊళ్లలో పనివాళ్లకు నైపుణ్యం లేదా? లేకేం! సిరిసిల్ల మరమగ్గాల ఊరు. మగ్గాల భాగాలు బాగుచేసే లేతు పనివాళ్లకు ఇనుముతో చెలిమి కొత్త కాదు. కానీ సిలిండర్ పని తీరు వేరు. పిస్టన్‌కు, గోడకు మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. మనిషి వెంట్రుక కూడా దూరనంత సన్నం. బోరింగ్ తర్వాత హోనింగ్ చేసి గోడకు సన్నటి అడ్డగీతలు తీయాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. సందు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే కొత్త ఇంజిన్ కూడా పొగ వదులుతుంది.

పైగా ఈ పని ఒక్క చేతి మీదుగా పోదు. ఇంజిన్ విప్పేది మెకానిక్. బ్లాకు చెక్కేది బోరింగ్ వర్క్స్. పెద్ద లైనర్ పట్టడానికి కింద క్రాంక్‌కేస్ నోరు వెడల్పు చేయాల్సి వస్తే అది లేతు మిషన్ పని. విడిభాగాలు ఎక్కడో పట్నం నుంచి రావాలి. తీరా ఇంజిన్ పాడైతే పూచీ ఎవరిది? మెకానిక్ బోరింగ్ షాపును చూపిస్తాడు. ఆయన పిస్టన్‌ను చూపిస్తాడు. పిస్టన్ అమ్మినవాడు బిగించినవాడిని చూపిస్తాడు. మధ్యలో నలిగేది బండి యజమాని.

కొత్త తరం బండ్లలో తంటా ఇంకా ఎక్కువ. కొన్నింటి సిలిండర్లకు ఇనుప లైనరే ఉండదు. 2008లో మన దేశానికి వచ్చిన యమహా ఆర్15 సిలిండర్ మొత్తం అల్యూమినియం మిశ్రమమే. మామూలు పద్ధతిలో బోరింగ్ చేయడానికి వీల్లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాక స్ప్లెండర్‌కు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయించేది చిన్న కంప్యూటర్. దానికి తెలిసింది 97 సీసీ లెక్కే. సిలిండర్ పెద్దదైన సంగతి స్క్రూ తిప్పి దానికి చెప్పలేం!

పెట్రోలు బంకులో వాయిదాలు

పని పూర్తయి, బండి బాగానే నడుస్తోందనుకుందాం. ఇప్పుడు నెలనెలా కట్టే వాయిదా మొదలవుతుంది.

కోరుట్ల నుంచి జగిత్యాలకు 63వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 25 కిలోమీటర్లు. ఉద్యోగానికో, కాలేజీకో రోజూ వెళ్లి వచ్చేవారికి 50 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు వేసుకుంటే 1,250 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండికి 21 లీటర్లు సరిపోతాయి. మైలేజీ 45కు పడిపోతే 28 లీటర్లు కావాలి. నెలకు ఏడు లీటర్లు అదనం. ఏడాదికి ఎనభై లీటర్ల పైమాటే! లీటరు వంద రూపాయలని వేసుకున్నా ఏడాదికి ఎనిమిది వేలు దాటుతుంది. ఆ డబ్బుతో బండికి రెండు కొత్త టైర్లు, చైన్ సెట్, ఏడాది సర్వీసింగ్ చేయించుకోవచ్చు.

దానికితోడు కొత్త బోరుకు రన్నింగ్-ఇన్ కాలం ఉంటుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా నడపాలి. ఆయిల్ త్వరగా మార్చాలి. వేగం కోసం సీసీ పెంచిన కుర్రాడు నిదానంగా నడుపుతాడా? అక్కడే సగం ఇంజిన్లు పాడవుతాయి.

పరిగెత్తడం సరే... ఆగడం?

ఇంట్లో పెద్దలు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 85కు చేరితే పెరిగింది పాతికే కదా అనిపిస్తుంది. కానీ దాన్ని ఆపడానికి బ్రేకులు కరిగించాల్సిన శక్తి రెట్టింపవుతుంది. శక్తి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. బోరు విషయంలో మురిపించిన లెక్కే ఇక్కడ భయపెడుతుంది.

2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకు లోపువాటికి రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉంటే చాలన్నారు. అంటే 125 దాటాక బండిని ఆపడానికి మరింత గట్టి ఏర్పాటు కావాలని ప్రభుత్వమే భావించిందన్నమాట. వంద సీసీ బండిని షెడ్డులో 135 చేస్తే ఇంజిన్ ఆ గీత దాటుతుంది. చక్రాలకు మాత్రం పాత డ్రమ్ బ్రేకులే! మరమగ్గాల షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి ఇంటికి వెళ్లేవారు, తెల్లారగట్ల పాలక్యాన్లతో బయల్దేరేవారు, పొలం నుంచి వచ్చే ట్రాక్టర్లు... అందరూ నడిచే దారి అదే. బ్రేకు పడని బండి వల్ల నష్టపోయేది దాని మీద కూర్చున్నవాడు ఒక్కడే కాదు.

ఆర్‌సీలో ఉన్నదే బండి

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను ఓసారి తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరుతో పాటు సీసీ కూడా రాసి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. గ్యాస్, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మారడానికి నిబంధనల ప్రకారం వీలుంది. వేగం కోసం బోరు పెంచుకోవడం ఆ మినహాయింపులోకి రాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని తేల్చింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్ చేర్చారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

బండి నడిపేది కొడుకైనా, ఆర్‌సీ తండ్రి పేరు మీద ఉంటే యజమాని తండ్రే. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

బీమాదీ సీసీ లెక్కే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో థర్డ్ పార్టీ ప్రీమియం 75 నుంచి 150 సీసీ వరకు 714 రూపాయలు. 150 దాటి 350 వరకు 1,366. ఆపైన 2,804. పల్సర్ 150కి 180 బ్లాకు వేసినా, బుల్లెట్ 350ని 500 చేసినా బండి పై మెట్టు ఎక్కుతుంది. కట్టేది మాత్రం కింది మెట్టు ప్రీమియం. రేపు ప్రమాదం జరిగి సర్వేయరు ఇంజిన్ విప్పి చూస్తే... చెప్పకుండా చేసిన మార్పు కారణంగా సొంత బండి నష్టపరిహారాన్ని బీమా కంపెనీ కాదనే అవకాశం ఉంది. వందల్లో మిగిలిందనుకున్నది వేలల్లో పోతుంది. కొసరుకు పోతే అసలుకే ఎసరు!

మరి ఏం చేయాలి?

"బండి గుంజడం లేదు" అన్నది నిజమైన ఫిర్యాదే కావచ్చు. కొట్టిపారేయకండి. కానీ దానికి మందు బోరు కానక్కర్లేదు. ముందు ఇవి చూడమనండి.

* ఎయిర్ ఫిల్టర్ మట్టి పట్టిందా? ప్లగ్ నల్లబడిందా?
* క్లచ్ జారుతోందా? ఇంజిన్ అరుస్తున్నా బండి కదలకపోతే దోషం అక్కడే.
* బ్రేకు లైనర్లు చక్రాన్ని పట్టుకుని ఉన్నాయా? టైర్లలో గాలి తక్కువగా ఉందా?
* వాల్వుల సందు, కార్బురేటర్ సరిగ్గా ఉన్నాయా? చైన్, స్ప్రాకెట్ అరిగాయా?
* కంప్రెషన్ పరీక్షలో అరుగుదల తేలితే కంపెనీ సైజులో రీబోరు. పిస్టన్ ముందు తెచ్చుకుని, దాన్ని కొలిచి, ఆ కొలతకే బోరింగ్ చేయించాలి.

ఇవన్నీ చేయిస్తే చాలా బండ్లు పాత హుషారు తెచ్చుకుంటాయి. అప్పటికీ చాలదనిపిస్తే బండి అమ్మేసి, మరికొంత వేసి పెద్ద సీసీ బండి తీసుకోవడమే మేలు. పాతదైనా పర్వాలేదు. దాని బ్రేకులు, క్లచ్, టైర్లు, ఆర్‌సీ, బీమా అన్నీ ఆ ఇంజిన్‌కు తగ్గట్టే ఉంటాయి. సీసీ పెంచిన బండిని రేపు అమ్మబోతే కొనేవాడు ఇంజిన్ చప్పుడు విని ధర తగ్గిస్తాడు. పెట్టిన ఖర్చు తిరిగి రాదు సరికదా, ఉన్న విలువా పోతుంది.

పాత ఆర్‌ఎక్స్ 100లకు ఇప్పుడు గిరాకీ ఉన్నది కూడా అందుకే. అసలు ఇంజిన్, అసలు బ్లాకు చెక్కుచెదరకుండా ఉన్న బండికే మోజుపడేవాళ్లు ఎక్కువ ధర పెడతారు. నలభై ఏళ్ల కిందట కంపెనీ ఇచ్చిన ఆ 98 సీసీలే దానికి అందం, విలువ కూడా!